రూటర్‌లో అడ్రసు చెప్పేవాడిని నమ్మొచ్చా?

ప్రశ్న: పాత రూటర్‌లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేశాను. అందులో డీఎన్‌ఎస్ పని డీఎన్‌ఎస్‌మాస్క్ అనే ప్రోగ్రామ్ చూసుకుంటోంది. భద్రత కావాలంటే అన్‌బౌండ్ వేయమని ఒక ఫ్రెండ్, స్టబ్బీ చాలని ఇంకో ఫ్రెండ్. ఏది వేసుకోమంటారు?
- ఓ పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీ ఫ్రెండ్స్ ఇద్దరూ చెరో జబ్బుకు మందు చెబుతున్నారు. మీరు బ్యాంకు సైటు పేరు కొట్టగానే దాని ఐపీ అడ్రసు కనుక్కొచ్చి చెప్పడమే డీఎన్‌ఎస్ పని. అక్కడ ఎవడైనా దొంగ అడ్రసు అంటగట్టొచ్చు. లేదా మీరు ఏ పేర్లు అడుగుతున్నారో దారిలో కూర్చుని వినొచ్చు. దొంగ అడ్రసును పట్టేది డీఎన్‌ఎస్‌సెక్ అనే డిజిటల్ సంతకాల తనిఖీ. అదీ సైటు వాళ్లు సంతకం పెట్టి ఉంటేనే. వినకుండా ఆపేది 853 పోర్టు మీద నడిచే డీఎన్‌ఎస్ ఓవర్ టీఎల్‌ఎస్, అంటే ప్రశ్నలను గుట్టుగా (ఎన్‌క్రిప్ట్ చేసి) పంపడం. స్టబ్బీ ముఖ్యంగా ఈ రెండోదాని కోసం పుట్టింది. అన్‌బౌండ్ రెండూ చేస్తుంది.

రూటర్‌లో 128 ఎంబీ ర్యామ్ ఉంటే నా ఓటు అన్‌బౌండ్‌కే. డీఎన్‌ఎస్‌మాస్క్‌ను పీకేయక్కర్లేదు. ఇంట్లో ఫోన్లకూ టీవీకీ ఐపీలు పంచే పని దానికే ఉంచి, వెనకాల అన్‌బౌండ్‌ను కూర్చోబెట్టండి. ర్యామ్ 64 ఎంబీయే అయితే డీఎన్‌ఎస్‌మాస్క్‌తోనే సర్దుకోండి. కాకపోతే మామూలు ప్యాకేజీలో డీఎన్‌ఎస్‌సెక్ ఉండదు, ‘ఫుల్’ అని ఉన్నది వేయాలి.

ఒక సంగతి మాత్రం చాలామంది గమనించరు. అన్‌బౌండ్‌ను ఊరికే వేసి వదిలేస్తే అది రూట్ సర్వర్ల (డీఎన్‌ఎస్‌లో అన్నిటికంటే పైనుండే సర్వర్లు) నుంచి మొదలుపెట్టి తనే అడుగుతూ పోతుంది, అదీ గుట్టు లేకుండా. నెట్ కంపెనీకి అన్నీ కనిపిస్తాయి. టీఎల్‌ఎస్ పెట్టి క్వాడ్9 లాంటి బయటి డీఎన్‌ఎస్ సేవల వాళ్లకు పంపితే కంపెనీ కళ్లు తప్పుతాయి కానీ మీ చిట్టా క్వాడ్9 చేతికి వెళ్తుంది. ఎవరో ఒకరిని నమ్మక తప్పదు. పైగా అడ్రసు దొరికాక మీరు వెళ్లేది ఎక్కడికో కంపెనీ ఎలాగూ చాలావరకు పసిగడుతుంది.

డీఎన్‌ఎస్‌సెక్‌తో ఓ తిరకాసు ఉంది. చాలా రూటర్లలో గడియారానికి బ్యాటరీ ఉండదు. కరెంటు పోయి రాగానే అది పాత తేదీలో నిద్రలేస్తుంది. తేదీ తప్పితే సంతకాలు చెల్లవంటుంది డీఎన్‌ఎస్‌సెక్. సరైన టైమ్ అడుగుదామంటే టైమ్ సర్వర్ అడ్రసే దొరకదు! నెట్ ఉన్నట్టే ఉంటుంది, ఒక్క సైటూ తెరుచుకోదు. టైమ్ సర్వర్‌ను పేరుతో కాకుండా ఐపీతో ఇచ్చేస్తే ఈ గొడవ తీరుతుంది.

అంతా అయ్యాక డీఎన్‌ఎస్‌సెక్-ఫెయిల్డ్ డాట్ ఆర్గ్ తెరిచి చూడండి. కావాలనే తప్పుడు సంతకంతో ఉంచిన సైటు అది. తెరుచుకుందంటే మీ కాపలా నిద్రపోతున్నట్టే. ఈ పరీక్షకు ముందు బ్రౌజర్‌లో ‘సెక్యూర్ డీఎన్‌ఎస్’ ఆపేయండి, లేకపోతే అది రూటర్‌ను పక్కనపెట్టి తనే వేరేచోట అడిగేస్తుంది.

ఏది వేసినా అప్‌డేట్లు మానొద్దు. 2021 జనవరిలో డీఎన్‌ఎస్‌మాస్క్‌లో ఒకేసారి ఏడు లోపాలు బయటపడ్డాయి, డీఎన్‌ఎస్‌పూక్ అన్నారు వాటిని. 2.83 వెర్షన్‌లో సరిచేశారు. 2024 ఫిబ్రవరిలో బయటపడ్డ కీట్రాప్ అనే లోపం అన్‌బౌండ్‌నూ వదల్లేదు. ఒక్క ప్యాకెట్‌తో ప్రాసెసర్ ఊపిరి తీసేసేది. దానికి విరుగుడు అన్‌బౌండ్ 1.19.1, డీఎన్‌ఎస్‌మాస్క్ 2.90. మీ దగ్గర ఉన్నది అంతకంటే పాతదైతే ఈ వారమే మార్చండి.

ప్రశ్న: నెట్ కంపెనీ ఇచ్చిన ఫైబర్ డబ్బాలో డీఎన్‌ఎస్ సెట్టింగే కనిపించడం లేదు. ఏం చేయాలి?
- ఓ గృహిణి, తెనాలి

జవాబు: డబ్బాతో కుస్తీ వద్దండీ. ఆండ్రాయిడ్ 9 గానీ ఆ తర్వాతది గానీ ఉంటే ఫోన్ సెట్టింగ్స్‌లో ‘ప్రైవేట్ డీఎన్‌ఎస్’ అని వెతకండి. అక్కడ డీఎన్‌ఎస్ డాట్ క్వాడ్9 డాట్ నెట్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి సేవ్ చేయండి. ఇంట్లో ఉన్న ప్రతి ఫోన్‌కూ విడివిడిగా చేసుకోవాలి.