థ్రాటిల్ బాడీ: శుభ్రం చేయించాలా, మార్చాలా?

ప్రశ్న: మా పెట్రోల్ కారు 70 వేల కిలోమీటర్లు తిరిగింది. విజయనగరం మయూరి కూడలిలో ఆగినప్పుడల్లా ఇంజన్ వణికి ఆగిపోతోంది. థ్రాటిల్ బాడీ (ఇంజన్‌లోకి వెళ్లే గాలిని లోపలి పలకతో నియంత్రించే భాగం) మార్చాలని మెకానిక్ అంటున్నారు. మార్చక తప్పదా?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: తొందరపడకండి. ఇంజన్ నుంచి వెనక్కి వచ్చే నూనె ఆవిరి థ్రాటిల్ పలక అంచున నల్లటి జిగురులా పేరుకొని, ఐడ్లింగ్‌కు, అంటే బండి ఆగి ఉండగా ఇంజన్ నెమ్మదిగా తిరగడానికి కావలసిన సన్నని గాలి సందును మూసివేయడమే చాలాసార్లు ఇందుకు కారణం. ఇగ్నిషన్ ఆపించి, థ్రాటిల్ బాడీ క్లీనర్‌ను మెత్తని గుడ్డపై చల్లి ఆ అంచును తుడిపించండి. పలకను మోటారు తిప్పే ఎలక్ట్రానిక్ రకమైతే దాన్ని వేలితో బలంగా నెట్టనివ్వకండి, లోపలి గేర్లు దెబ్బతినవచ్చు. అవసరమైన మోడళ్లలో ఆపైన స్కానర్‌తో (కారు కంప్యూటర్‌కు తగిలించే పరీక్ష పరికరం) ఐడిల్ రీలెర్న్, అంటే ఐడ్లింగ్ గాలి కొలతను ఆ కంప్యూటర్‌కు మళ్లీ నేర్పడం, చేయించాలి; ఆ పని మరచి, శుభ్రం చేసినా లాభం లేదంటూ కొత్తది అంటగట్టడమూ కద్దు. పలక ఇరుసు వదులై ఊగుతున్నా, వైరింగ్ సరిచూసిన తరువాత కూడా పలక ఎంత తెరుచుకుందో చెప్పే పొజిషన్ సెన్సర్ లోపం కోడ్ స్కానర్‌లో మళ్లీ వస్తున్నా అప్పుడు మార్పించండి.