మా అమ్మాయి ముద్దాయిల లాయరవుతానంటోంది

ప్రశ్న: మాది అనంతపురం, పదేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. అమ్మాయి లా మూడో సంవత్సరం. ఇంటర్న్‌షిప్‌లో కోర్టుకు వెళ్లొచ్చినప్పటి నుంచి ముద్దాయిల తరఫునే వాదిస్తానంటోంది. దొంగల్ని కాపాడే పని మనకెందుకు? కార్పొరేట్ వైపు మళ్లించడం ఎలా?

జవాబు: అమ్మా, మళ్లించే ముందు ఆమె కోర్టులో ఏం చూసిందో అడగండి. నాకైతే ఊహ ఉంది. సెల్‌ఫోన్ దొంగతనం కేసు. బెయిలుకు షూరిటీ ఇచ్చేవాళ్లు లేక నెలల తరబడి పరప్పన అగ్రహార జైల్లో ఉన్న కుర్రాడు. ‘ఒప్పేసుకోరా, ఉన్న రోజులతో సరిపెడతారు’ అని ఎవరో చెవిలో ఊదుతారు. వాడు సరేనంటాడు. ఫోను నిజంగా తీశాడో లేదో ఎవరూ తేల్చరు. శిక్షపడ్డవాడన్న ముద్ర మాత్రం ఏ ఉద్యోగానికి వెళ్లినా ముందే వెళ్లి కూర్చుంటుంది.

అమెరికాలో ఇది మరీ ముదిరింది. ఫెడరల్ కోర్టుల్లో శిక్షపడేవాళ్లలో నూటికి 90 మందికి పైగా విచారణ లేకుండా ఒప్పుకున్నవాళ్లే. విచారణ కోరి ఓడితే శిక్ష బాగా పెరుగుతుందని భయం. మన దగ్గర ప్లీ బార్గెయినింగ్, అంటే నేరం ఒప్పుకుని తక్కువ శిక్షకు బేరం కుదుర్చుకోవడం, 2006లో వచ్చింది. ఏడేళ్లకు మించని శిక్ష ఉన్న నేరాలకే వర్తిస్తుంది, వాటిలోనూ మినహాయింపులున్నాయి. ముద్దాయి ఇష్టపడే అడిగాడా అని జడ్జి విడిగా కనుక్కోవాలి. అక్కడిదాకా వెళ్లకముందే ఛార్జిషీటు మొత్తం చదివి ‘ఈ సాక్ష్యం నిలబడదు, విచారణకే వెళ్దాం’ అనో, ‘ఒప్పుకుంటేనే నీకు మేలు’ అనో ఉన్నమాట చెప్పే మనిషి కావాలి. మీ అమ్మాయి కోరుకుంటున్నది ఆ పనే.

డబ్బు సంగతి దాచను. మొదటి మూడు నాలుగేళ్లు సీనియర్ ఇచ్చేది బెంగళూరు అద్దెకు చాలదు. ఇంట్లోనే ఉంటుంది కాబట్టి మీ వంటిల్లే ఆమెకు స్కాలర్‌షిప్. జైల్లో ఉన్నవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత లాయర్ని ఇవ్వాలని 1987 నాటి చట్టం చెబుతోంది. 2022 పథకం కింద జిల్లాల్లో లీగల్ ఎయిడ్ డిఫెన్స్ ఆఫీసులు వచ్చాయి. అక్కడ నెలనెలా జీతం ఉంటుంది, కొంత ప్రాక్టీసు అయ్యాక ప్రయత్నించవచ్చు.

ఈ సెలవుల్లో ఆమెను కన్నడ చదవడం నేర్చుకోమనండి. మాట్లాడటం ఒక్కటే చాలదు. ఇక్కడి కింది కోర్టుల్లో ఎఫ్ఐఆర్, మహజరు (పంచనామా), సాక్షుల వాంగ్మూలాలు ఎక్కువగా కన్నడలోనే ఉంటాయి. లిపి మనదానికి దగ్గరి చుట్టమే. ఇక మేస్త్రీ పనులకొచ్చి కేసుల్లో ఇరుక్కున్న మన సీమ కుర్రాళ్లకు, అందులో ఏం రాసుందో తెలుగులో చెప్పేవాళ్లు కోర్టు వరండాలో అంత తేలిగ్గా దొరకరు.