ప్రవేశాల లెక్కలు: ఏ శాతం ఎవరిలో?

ప్రశ్న: అమెరికా విశ్వవిద్యాలయాల ప్రవేశాల వివరాల్లో ‘యాక్సెప్టెన్స్ రేట్’, ‘యీల్డ్’ అనే రెండు శాతాలు పక్కపక్కనే కనిపిస్తున్నాయి. వీటి మధ్య తేడా ఏమిటి? మొదటిది ఎంత తక్కువగా ఉంటే చదువు అంత మంచిదని అనుకోవచ్చా?

జవాబు: శాతం కనిపించిన ప్రతిచోటా అది ఎవరిలో ఎంతమంది అని ముందుగా అడగాలి. ఒక విశ్వవిద్యాలయానికి 20,000 మంది దరఖాస్తు చేశారని, వారిలో 5,000 మందికి సీటు ఇస్తామని ఆ సంస్థ తెలిపిందని, చివరకు 1,500 మంది చేరారని అనుకుందాం. దరఖాస్తు చేసినవారిలో ఎంపికైనవారి వాటా, అంటే 25 శాతం, యాక్సెప్టెన్స్ రేట్. ఎంపికైనవారిలో నిజంగా చేరినవారి వాటా, అంటే 30 శాతం, యీల్డ్. మొదటి అంకెలో ఉన్నది విశ్వవిద్యాలయం తీసుకున్న నిర్ణయం, రెండో అంకెలో ఉన్నది విద్యార్థులు తీసుకున్న నిర్ణయం. చేరిన 1,500 మందిని 20,000తో భాగించి ‘7.5 శాతం మందికే ప్రవేశం’ అని రాసేవారు కూడా ఉంటారు. అది ఈ రెండింటిలో ఏదీ కాదు.

ఇక మీ రెండో సందేహం. దరఖాస్తు రుసుము ఎత్తివేసినా, పరీక్ష స్కోరు తప్పనిసరి కాదని ప్రకటించినా దరఖాస్తులు పెరుగుతాయి. సీట్లు అన్నే ఉంటాయి కనుక రేటు పడిపోతుంది, బోధనలో మాత్రం ఏ మార్పూ ఉండదు. సీటు వస్తే తప్పక చేరతానని ముందే అంగీకరించి దరఖాస్తు చేసే ‘ఎర్లీ డెసిషన్’ పద్ధతి కూడా ఈ అంకెలను కదిలిస్తుంది. అలా ఎంపికైనవారు దాదాపు అందరూ చేరతారు కాబట్టి యీల్డ్ పెరుగుతుంది, తరగతి నిండడానికి తక్కువ మందిని ఎంపిక చేస్తే సరిపోతుంది, దాంతో యాక్సెప్టెన్స్ రేట్ ఇంకా దిగుతుంది. విశ్వవిద్యాలయాలకు ర్యాంకులు ఇచ్చే ‘యు.ఎస్. న్యూస్’ సంస్థ తన లెక్కింపు నుంచి 2003లో యీల్డ్‌ను, 2018లో యాక్సెప్టెన్స్ రేట్‌ను తొలగించింది. ర్యాంకులు ఇచ్చేవారే పక్కన పెట్టిన అంకెను మనం నాణ్యతకు కొలబద్దగా పట్టుకోవడం నాకు సబబుగా తోచదు.

ప్రశ్న: ఒక విశ్వవిద్యాలయం శాట్ (అమెరికాలో డిగ్రీ ప్రవేశాలకు రాసే పరీక్ష) స్కోర్లలో ‘మధ్య 50 శాతం: 1300–1480’ అని ప్రకటించింది. మా అబ్బాయికి 1280 వచ్చింది. ఇక ఆశ వదులుకోవలసిందేనా?

జవాబు: 1300 అనేది 25వ పర్సెంటైల్, 1480 అనేది 75వ పర్సెంటైల్. అంటే సుమారు నాలుగో వంతు మంది స్కోరు 1300, లేదా అంతకంటే తక్కువ. కనుక 1300ను కనీస అర్హతగా భావించనక్కరలేదు. అయితే ఆ నాలుగో వంతులో క్రీడల కోటాలోనో, మరో ప్రత్యేక ప్రతిభ వల్లనో ఎంపికైనవారు కూడా ఉండవచ్చు కాబట్టి ధీమాగా ఉండడానికీ వీల్లేదు.

ఇక్కడ కూడా ఎవరిలో అన్న ప్రశ్నే ముఖ్యం. అక్కడి విశ్వవిద్యాలయాలు చాలావరకు వాడే ‘కామన్ డేటా సెట్’ నమూనాలో ఈ స్కోర్లు దరఖాస్తుదారులవి కావు. చేరినవారివి, అందులోనూ స్కోరు సమర్పించినవారివి మాత్రమే. స్కోరు ఐచ్ఛికమైన చోట తక్కువ వచ్చినవారు దాన్ని చూపరు గనుక ఈ రెండు అంకెలూ పైకి జరుగుతాయి. స్కోరు సమర్పించినవారి శాతం అదే నివేదికలో ఉంటుంది, తప్పక చూడండి. మీరు తెలుసుకోవాలనుకుంటున్నది 1280 వచ్చినవారిలో ఎంతమందికి సీటు దక్కిందన్న విషయం. దానికి ఈ పట్టికలో సమాధానం లేదు.

ప్రశ్న: మొత్తం దరఖాస్తుదారుల్లో పురుషులకంటే స్త్రీలు తక్కువ శాతం ఎంపికైతే, ఎంపికలో వివక్ష జరిగినట్టేనా?

జవాబు: ఆ ఒక్క అంకెతో తేల్చలేం. 1973లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పోస్ట్ గ్రాడ్యుయేట్, పరిశోధన కోర్సులకు 8,442 మంది పురుషులు, 4,321 మంది స్త్రీలు దరఖాస్తు చేయగా, పురుషుల్లో సుమారు 44 శాతం, స్త్రీలలో సుమారు 35 శాతం మంది ఎంపికయ్యారు. తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కానీ 1975లో ‘సైన్స్’ పత్రికలో వెలువడిన విశ్లేషణలో విభాగాలవారీగా చూసినప్పుడు, లెక్కకు వచ్చిన 85 విభాగాల్లో నాలుగింటిలో మాత్రమే స్త్రీలకు, ఆరింటిలో పురుషులకు ప్రతికూలంగా గణనీయమైన తేడా కనిపించింది. పోటీ ఎక్కువగా, సీట్లు తక్కువగా ఉన్న విభాగాలకు స్త్రీలు ఎక్కువగా దరఖాస్తు చేయడంవల్ల, అన్నింటినీ కలిపి చూస్తే వారి శాతం తగ్గింది. గణాంకశాస్త్రంలో దీన్ని సింప్సన్ వైరుధ్యం అంటారు. స్త్రీలు ఆ విభాగాలవైపే ఎందుకు మళ్లారన్నది మరో ప్రశ్న. దాని మూలాలు అంతకు ముందరి చదువుల్లో, సమాజపు పెంపకంలో ఉన్నాయని ఆ పరిశోధకులే రాశారు.

ప్రశ్న: వెయిట్‌లిస్ట్‌లో ఉన్నవారికి సీటు వచ్చే అవకాశం ఎంత?

జవాబు: మూడు సంఖ్యలు చూడండి: జాబితాలో చోటు ఇచ్చినది ఎందరికి, వేచి ఉండడానికి ఒప్పుకున్నది ఎందరు, చివరకు సీటు పొందినది ఎందరు. మూడో సంఖ్యను రెండోదానితో భాగించాలి, మొదటిదానితో కాదు. యీల్డ్ అంచనా తప్పిన ఏడాది జాబితా నుంచి చాలామందిని పిలుస్తారు, అంచనా సరిపోయిన ఏడాది ఒక్కరినీ పిలవకపోవచ్చు. అందువల్ల ఒక్క ఏడాది లెక్కతో సరిపెట్టుకోకుండా నాలుగైదేళ్ల లెక్కలు చూడడం మేలు.