అల్లుడా, ముందు నీ నోరు చూసుకో

అల్లుడా,

పోలేపల్లి సెజ్‌లో మందుల కంపెనీకి షిఫ్ట్ ఇన్‌ఛార్జివి అయ్యావని మీ అమ్మ ఊరంతా చెప్పుకుంది, సంతోషం. మొన్న ఫోన్‌లో మాత్రం గొంతు తగ్గించి, నీ కింద పనిచేసేవాళ్లు వేరే షిఫ్ట్‌కు మార్చమని హెచ్‌ఆర్ చుట్టూ తిరుగుతున్నారట అన్నా అంది. నిన్నడిగితే "ఈ జనానికి అరవకపోతే పని కాదు మామా" అన్నావు. వాడపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లోనే నా ఉద్యోగమంతా గడిచింది, ఈ మాట అనని ఇన్‌ఛార్జి నాకు చాలా అరుదుగా తగిలాడు.

అరిస్తే పని అవుతుంది, కాదనను. ఆ గంటకు అవుతుంది. తర్వాత నీకు చెడు కబురు చెప్పేవాడు ఉండడు.

సిమెంటు ఫ్యాక్టరీలో కిల్న్ అంటే ఉక్కు గొట్టం లాంటి పెద్ద కొలిమి, దాని లోపల మెటీరియల్ 1450 డిగ్రీల దాకా కాగుతుంది. లోపలి ఇటుక ఊడితే బయటి ఉక్కు షెల్ మీద ఎర్రమచ్చ లేస్తుంది, రెడ్ స్పాట్ అంటాం. ఒక నైట్ షిఫ్ట్‌లో దాన్ని ముందు చూసింది ఒక హెల్పర్ పిల్లాడు. చూసి కూడా చెప్పలేదు, ఎందుకంటే అంతకుముందు ఏదో చెప్పబోతే ఇన్‌ఛార్జి అందరి ముందు "నీకేం తెలుసురా, నీ పని నువ్వు చూసుకో" అన్నాడు. తన పని తను చూసుకున్నాడు. తెల్లారి షిఫ్ట్ మారేసరికి షెల్ వంగింది, కిల్న్ ఆపాల్సి వచ్చింది, మెమో మాత్రం ఆ పిల్లాడికే ఇచ్చారు. నన్నడిగితే ఇవ్వాల్సింది ఇన్‌ఛార్జికి.

మీ మందుల కంపెనీలో ఎర్రమచ్చ కూడా కనిపించదు, అదే భయం. ఒక్కో విడత మందు ఎలా తయారైందో రాసే బ్యాచ్ రికార్డులో అంకె తప్పు పడితే ఏం చెయ్యాలి? ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, కారణం రాసి, సంతకం, తేదీ పెట్టాలి, అంతే కదా. నీ తిట్లకు భయపడినవాడు ఆ గీత కొట్టడు. అంకె మీద అంకె దిద్దుతాడు, లేకపోతే పేజీ చించి కొత్తది రాస్తాడు, ఇంకా భయపడితే ట్యాబ్లెట్ బరువు చూడకుండానే చూసినట్టు రాస్తాడు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ యూఎస్ ఎఫ్‌డీఏ వాళ్లు తనిఖీకి వచ్చినప్పుడు వెతికేది సరిగ్గా అలాంటివే, దొరికితే లోపాలు రాసిచ్చే ఫారం 483లో రాసేస్తారు. చిన్న తప్పు దొంగ రికార్డు అయ్యాక నువ్వు ఎవరి మీద అరిచి ఏం లాభం?

అందుకని, ఎవరైనా సమస్య చెప్పడానికి వస్తే "ఎవడు చేశాడు" అని మొదలుపెట్టకు. ఎప్పటి నుంచి అలా వస్తోంది, మెషిన్ ఆపావా, ఆ సరుకు పక్కన పెట్టావా, ఇవి అడుగు. ఎవరనేది తర్వాత తేలుతుంది, చాలాసార్లు ట్యాబ్లెట్ నొక్కే పంచ్ అరిగిపోయి ఉంటుంది, లేదా డబుల్ డ్యూటీ చేసి కళ్లు మూతలు పడుతున్న మనిషి ఉంటాడు. కోపం ఆగకపోతే గౌన్లు మార్చుకునే గది దాకా నడిచి రా. ఈలోపు కొంపలేం అంటుకోవు.

ప్యాకింగ్‌లో ఒక పెద్దామెను అందరి ముందు "మొద్దు" అన్నావట. సెజ్‌కు భూములు పోయిన ఇళ్లవాళ్లు కూడా అక్కడ కూలికి వస్తారని నీకు తెలియదా? ఆమెది ఏ ఊరో నాకు తెలియదు గానీ, నువ్వు నిలబడ్డ గచ్చు కింద ఎవరి చెలక ఉందో తెలుసుకోకుండా నోరు పారేసుకోకు. క్షమాపణ పక్కకు పిలిచి చెప్పడం కాదు, ఎవరి ముందు అన్నావో వాళ్ల ముందే చెప్పు. "టెన్షన్‌లో అన్నాను" అని తోక తగిలించకు.

వాట్సాప్ గ్రూపులో రాత్రి పదకొండింటికి ఒకరి తప్పు ఫోటో పెట్టి పేరు రాయడం ఈ రోజే ఆపెయ్.

ఇంకొకటి, నీతో బండి మీద వచ్చే ఇద్దరికే సులువు పనులు పడుతున్నాయని, దసరా లీవు కూడా వాళ్లకే దొరికిందని విన్నాను. నిజమో కాదో నీకే తెలుసు. కురుమూర్తి జాతరకు ఎలాగూ సగం మంది లీవు అడుగుతారు. పోయిన ఏడు ఎవరికి దొరకలేదో వాళ్లను ముందు పెట్టి జాబితా రాసి ముందే బోర్డు మీద అంటించు, నీ దోస్తులు అలిగితే అలగనీ.

ఇదంతా చేసినా వాళ్లు వెంటనే నమ్మరు. ఏదో చిన్న విషయం, స్కూప్ పగిలిందనో, బస్సు లేటైందనో చెప్పి నీ మొహం చూస్తారు. ఆ పరీక్ష నెలలు నడుస్తుంది, విసుక్కోకు.

పైన మేనేజర్ టార్గెట్ అని నిన్ను పీడిస్తున్నాడు, అదీ తెలుసు. ఆయన తిట్టింది తెచ్చి కింద పంచకు. ఏ షిఫ్ట్‌లో ఎంతమంది తక్కువున్నారు, ఎవరు ఎంత ఓవర్‌టైమ్ చేశారు, రాసి ఆయనకు మెయిల్ పెట్టు. ఓవర్‌టైమ్‌కు రెట్టింపు కూలి ఇవ్వాలని చట్టంలోనే ఉంది, కాంట్రాక్టరు ఇస్తున్నాడో లేదో కూడా కనుక్కో. ఆ పెద్దామె తానుగా వెళ్లి అడగలేకపోతుంది, నువ్వే అడగాలి.

మీ మామ