పోచంపల్లికి వచ్చినవాళ్లకు చిటికి కట్టడం నేర్పండి

“గ్రామీణ పర్యాటకంలో కొత్త ఆలోచనలను ఎలా ప్రోత్సహించాలి?” అని అడిగారు. ఊళ్లలో ఆలోచనలకు కొరత లేదు. చీరకు దాదాపు 9,000 సార్లు చేయి ఆడిస్తూ తన తల్లి ఆసు పోయడం, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ వరుసగా చుట్టడం, చూడలేకే చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. నేత ఇంట్లో ఇలాంటి బుర్రలు ఇంకా ఉన్నాయి. ప్రయోగం చేసిన పూట కూలి పోకుండా చూస్తే చాలు.

నాకు తెలిసిన ఊరు భూదాన్ పోచంపల్లి. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ దీన్ని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. సంతోషమే. కానీ వచ్చేవాళ్లలో ఎక్కువమంది గుమ్మంలో నిలబడి మగ్గాన్ని ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. వాళ్లకు వివరించడానికి పని ఆపిన మనిషికి దక్కేది ఏమీ లేదు.

ఒకసారి మా పిన్ని చిటికి కడుతోంది. అంటే రంగు అంటకూడని చోట నూలును రబ్బరు పట్టీతో బిగించి చుట్టడం. చూడటానికి వచ్చిన కుటుంబంలో బడి వయసు పిల్ల ఒకతె పక్కనే చతికిలపడింది. “నువ్వూ కట్టి చూడమ్మా” అని పిన్ని కాస్త పాత నూలు ఇచ్చింది. ఆ పిల్ల కట్టినది రంగులో ముంచి విప్పితే, వదులైన చోటల్లా రంగు పాకింది. మళ్లీ కడతానని మొండికేసింది. తల్లి కారులోంచి పిలుస్తున్నా కదలలేదు. అప్పటిదాకా చీర ధర ఎక్కువని వాదిస్తున్న తండ్రి, ఆ నూలును వేళ్లతో తడిమి చూసి, బేరం మానేసి డబ్బు తీశాడు. నేర్పినందుకు వేరుగా ఇవ్వబోతే మాత్రం పిన్ని మొహమాటపడి వద్దంది.

ఆ మొహమాటమే పోవాలంటాను. గంటకు ఇంత అని ధర పెట్టి, బోర్డు రాసి, నేర్పే ఇంటికే ఆ డబ్బు చేరాలి. స్వాగత తోరణాలకు పెట్టే ఖర్చులో కొంత ఇలాంటి నేత ఇళ్లకు పెట్టుబడిగా ఇవ్వండి. చిటికి కట్టి రంగులద్దిన నూలుతో నేసే ఇక్కత్ డిజైన్‌ను బట్ట మీద అచ్చు వేసి చేనేత అని అమ్మేవాళ్ల మీద కేసులు పెట్టండి, వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అన్నిటికంటే ముందు, వచ్చే ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్లు కట్టండి. అవి లేని ఊళ్లో ఎవరూ పూటంతా కూర్చుని చిటికి కట్టడం నేర్చుకోరు.