చివరి సూది ఎన్ని గంటలకి?

ప్రశ్న: డాక్టరమ్మా, మాది గుణుపురం. ఇప్పుడు ఎనిమిదో నెల. తొలి కాన్పయ్యాక ఎడమ కాలు వాచింది, సిరలో రక్తం గడ్డకట్టిందన్నారు. అందుకే ఈసారి రక్తం గడ్డకట్టకుండా రోజూ రాత్రి పొట్టకి ఎనాక్సాపరిన్ అనే మందు 40 మిల్లీగ్రాముల సూది వేసుకుంటున్నాను. "నీకు నడుముకి మత్తు ఇవ్వరు, నొప్పులు ఓర్చుకోవాల్సిందే" అంటున్నారు. ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలు) 90 వేలున్న మా తోటికోడలికీ అదే మాట చెప్పారు. మాకు వేరే దారి లేదా?

జవాబు: ఓర్చుకోవాల్సిందే అనడం నాకు నచ్చదమ్మా. మత్తు డాక్టరుగా నేను ముందు అడిగేది ఒక్కటే: చివరి సూది ఎన్ని గంటలకి వేసుకున్నారు?

మీరన్న నడుము మత్తునే ఎపిడ్యూరల్ అంటారు. అంటే మత్తు మందు కోసం వెన్నుపాము పొరకి బయట సన్నని గొట్టం పెట్టడం. అక్కడ సిరలెక్కువ. సూది తగిలి కాస్త నెత్తురొచ్చినా మామూలుగా ఆగిపోతుంది. ఆగకపోతే అక్కడే పేరుకుని వెన్నుపామును నొక్కేస్తుంది, కాళ్ళు చచ్చుబడతాయి. ఇది చాలా అరుదు. కానీ వచ్చిందంటే గంటల్లోనే ఆపరేషన్ చేయాలి.

మీకు అడ్డొచ్చేది ఆ మందే. మీ మోతాదుకి 12 గంటలు దాటితే సాధారణంగా నడుముకి ఇవ్వచ్చు. పెద్ద మోతాదు వాడేవాళ్ళయితే 24 గంటలు ఆగాలి. అందుకే సూది వేసుకున్న ప్రతిసారీ టైము కాగితం మీద రాసుకోండి. నొప్పులొచ్చినా, ఉమ్మనీరు పోయినా, రక్తం కనబడినా తర్వాతి సూది వేసుకోకుండా ఆసుపత్రికి బయల్దేరండి. అలాగని ముందుగానే సొంతంగా మానేయకండి, మళ్ళీ గడ్డ కట్టే భయం ఉంది. కాన్పు తర్వాత ఆరు వారాలు ఆ భయం ఇంకా ఎక్కువ. సూది మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలో గొట్టం తీసిన టైమును బట్టి డాక్టరే చెబుతారు.

మీ తోటికోడలికి ప్లేట్‌లెట్లు 70 వేల పైన నిలకడగా ఉండి, చిగుళ్ళ నుంచి రక్తం రావడం లాంటివి లేకపోతే చాలామంది మత్తు డాక్టర్లు ఇస్తారు. బీపీ వల్ల ఆ సంఖ్య పడిపోతుంటే మాత్రం నెల కిందటి రిపోర్టు పనికిరాదు, నొప్పులప్పుడు మళ్ళీ చూడాలి.

12 గంటలు నిండకుండానే నొప్పులు ముదిరితే? సగం నైట్రస్ ఆక్సైడ్, సగం ఆక్సిజన్ ఉన్న గ్యాస్ కొన్నిచోట్ల ఉంటుంది. నొప్పి మొదలవుతోందనగానే పీల్చాలి, ముదిరాక పీలిస్తే అందదు. రక్తనాళం ద్వారా ఫెంటానిల్ అనే నొప్పి మందు ఇవ్వచ్చు, తల్లి ఊపిరిని మాత్రం పక్కనే ఉండి గమనించాలి. సిజేరియన్ అవసరమైతే పూర్తి మత్తు ఉంది. నడుము నొక్కడానికి అమ్మో, అక్కో పక్కనుంటే నొప్పి కొంత ఓర్చుకోగలుగుతారు. వాళ్ళని లోపలికి రానివ్వమని గట్టిగా అడగండి.

గుణుపురం నుంచి బరంపురమైనా శ్రీకాకుళమైనా అర్ధరాత్రి నొప్పులతో వెళ్ళే దూరం కాదు. రాత్రి కూడా మత్తు డాక్టరుండే ఆసుపత్రి ఎక్కడుందో ఈ నెలలోనే కనుక్కుని, ఒకసారి వెళ్ళి ఆ డాక్టరుతో మాట్లాడి, తేదీకి ముందే ఆ ఊళ్ళో దిగండి. ఈలోగా నొప్పికని తుంటికి ఇంజక్షన్ వేయబోతే, రక్తం పలచబడే మందు వాడుతున్నానని ముందే చెప్పండి. కండలో నెత్తురు గూడుకట్టే ప్రమాదం ఉంది.