పాత అంబాసిడర్ వేడెక్కి పికప్ పోతే, తప్పు టైమింగ్‌దో కాదో తేల్చుకోవడం ఎలా?

మీ ప్రశ్న చదవగానే మా నాన్నగారి బండి కళ్ల ముందు మెదిలింది. మీది 1970ల నాటి పెట్రోల్ అంబాసిడర్ అనీ, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు లాగడం లేదనీ, నీళ్లు మరిగిపోతున్నాయనీ, అప్పుడప్పుడు సైలెన్సర్‌లో టప్పుమంటోందనీ, మెకానిక్ ఇంజన్ దించాలంటున్నాడనీ రాశారు. దయచేసి ఇప్పుడే ఒప్పుకోకండి. తప్పు టైమింగ్‌ది, అంటే ప్లగ్గులో స్పార్క్ పడే సమయానిది, కావచ్చు. ముందు డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు కరెంటు పంచే భాగం) మూత తీసి, సీబీ పాయింట్ (తెరుచుకుని స్పార్క్ పుట్టించే చిన్న స్విచ్) గ్యాప్ చూడండి.

మాది 1976 నాటి మార్క్ 3, 1489 సీసీ ఇంజన్. 2011 ఎండాకాలంలో భద్రాచలం నుంచి రాజమండ్రి వస్తుంటే మారేడుమిల్లి ఘాట్‌లో రెండో గేరులో కూడా లాగలేక మూడుసార్లు ఆగింది. అమ్మ తాగడానికి పట్టుకొచ్చిన నీళ్లు కూడా, ఇంజన్ చల్లారాక, రేడియేటర్లోకే పోయాయి. ఇంటికొచ్చాక రేడియేటర్ కడిగించాం, థర్మోస్టాట్ మార్చాం, కార్బురేటర్ విప్పించాం. ఏమీ తేడా లేదు. ఒక షెడ్డులో చెవితో వింటూ డిస్ట్రిబ్యూటర్‌ని కొంచెం తిప్పి బిగించారు. పికప్ వచ్చేసింది, మేమూ సంతోషించాం. సరిగ్గా నెల తిరిగేసరికి మళ్లీ అదే కథ.

చివరికి మా వీధిలో ఉండే ఒక పెద్దాయన, పాత మెకానిక్, వచ్చి మూత తీశారు. "ఇటు రా, చూడు" అని నన్ను పిలిచి టార్చి వేసి చూపించారు. పాయింట్‌ను కదిలించే ఫైబర్ మడమ సగానికి అరిగిపోయి ఉంది. అది రాసుకుంటూ తిరిగే క్యామ్ మీద గ్రీజు చుక్క లేదు. పాయింట్ ఒక వైపు నీలంగా కాలి చిన్న గుంట పడింది, ఎదుటి వైపు దానికి సరిపడా బుడిపె లేచింది. ఆ ఇంజన్‌కి గ్యాప్ 15 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), అంటే సుమారు 0.38 మిల్లీమీటర్లు ఉండాలి. మా దాంట్లో 6 థౌ ఫీలర్ గేజ్ (గ్యాప్ కొలిచే రేకు) కూడా బిగుతుగానే దూరింది.

అసలు కీలకం ఇదే. గ్యాప్ తగ్గితే పాయింట్ ఆలస్యంగా తెరుచుకుంటుంది, స్పార్క్ ఆలస్యంగా పడుతుంది. అంటే డిస్ట్రిబ్యూటర్‌ని ఎవరూ ముట్టుకోకపోయినా టైమింగ్ రిటార్డ్ అయిపోతుంది, అంటే వెనకబడుతుంది. అప్పుడు పెట్రోల్ పిస్టన్‌ని నెట్టాల్సిన సమయంలో పూర్తిగా మండదు. ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకునేటప్పటికి కూడా మండుతూనే ఉంటుంది. ఆ వేడంతా హెడ్‌లోకి, అక్కడి నుంచి నీళ్లలోకి పోతుంది. అందుకే రేడియేటర్ ఎంత బాగున్నా నీళ్లు మరుగుతాయి. షెడ్డులో డిస్ట్రిబ్యూటర్ తిప్పినప్పుడు లోపం పోలేదు, మరుగున పడింది. మడమ ఇంకా అరిగేసరికి మళ్లీ బయటపడింది.

టైమింగ్ ఎక్కువగా అడ్వాన్స్ అయితే, అంటే స్పార్క్ మరీ ముందే పడితే, లక్షణాలు వేరు. టాప్ గేరులో తక్కువ వేగం నుంచి యాక్సిలరేటర్ తొక్కితే గలగలమని నాకింగ్ వస్తుంది. వేడి మీద స్టార్ట్ చేస్తే స్టార్టర్ పట్టేసినట్టు ఆగి ఆగి తిరుగుతుంది. హ్యాండిల్ వేస్తే వెనక్కి తంతుంది. హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల వైపే ఉంచండి, లేకపోతే వేలు విరుగుతుంది. మీరు చెప్పినవాటిలో ఇవేవీ లేవు, కాబట్టి నా అనుమానం రిటార్డ్ మీదే. అయితే బండి చల్లగా ఉన్నప్పుడు బాగా నడిచి, అరగంట తర్వాత మిస్సింగ్ మొదలై, చల్లారాక మళ్లీ మామూలైతే అది టైమింగ్ కాదు. కాయిల్ (స్పార్క్‌కు వోల్టేజీ పెంచేది) గానీ కండెన్సర్ (పాయింట్ కాలిపోకుండా కాపాడేది) గానీ పోతూ ఉండొచ్చు.

పాయింట్, కండెన్సర్ కొత్తవి వేసి, క్యామ్ మీద కొద్దిగా గ్రీజు రాసి, 15 థౌ గ్యాప్ పెట్టాకే టైమింగ్ జోలికి వెళ్లండి. ఈ వరుస తప్పితే చేసిన పనంతా వృథా. ప్లగ్గులు నాలుగూ తీసి, ఒకటో సిలిండర్ ప్లగ్గు రంధ్రంలో కాగితం ఉండ పెట్టి హ్యాండిల్ తిప్పండి. ఉండ ఎగిరితే అది కంప్రెషన్ స్ట్రోక్. అక్కడి నుంచి నెమ్మదిగా తిప్పుతూ పుల్లీ మీది గాడిని టైమింగ్ కవర్ గుర్తుల దగ్గరకు తీసుకురండి. పొడవాటి గుర్తు టీడీసీ (పిస్టన్ పూర్తిగా పైకి చేరే చోటు), దాని పక్కవి అంతకు ముందు 5, 10 డిగ్రీలు. మీ మాన్యువల్‌లో ఉన్న డిగ్రీ దగ్గర ఆపండి. దాటిపోతే అక్కడికక్కడే వెనక్కి తిప్పకండి, చెయిన్ వదులు వల్ల లెక్క తప్పుతుంది. ఇంకా వెనక్కి వెళ్లి మళ్లీ ముందుకు రండి.

ఇప్పుడు 12 వోల్టుల బల్బు ఒక వైరు డిస్ట్రిబ్యూటర్ పక్కనున్న సన్న వైరు టెర్మినల్‌కి, రెండోది బాడీకి పెట్టి ఇగ్నిషన్ వేయండి. పాయింట్ తెరుచుకున్న క్షణంలో బల్బు వెలుగుతుంది. ఈ ఇంజన్‌లో రోటర్ గడియారానికి ఎదురుగా తిరుగుతుంది కాబట్టి డిస్ట్రిబ్యూటర్‌ని గడియారం తిరిగే వైపు తిప్పితే అడ్వాన్స్. బల్బు వెలిగే చోట బిగించేయండి. మొదటిసారి ఆ బల్బు వెలిగినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ గుర్తుంది.

టైమింగ్ లైట్ (స్పార్క్ పడినప్పుడల్లా మెరిసే లైటు) దొరికితే మరీ మంచిది. కార్బురేటర్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి వచ్చే వ్యాక్యూమ్ పైపు పీకి మూసేసి, ఐడిల్‌లో ఆ లైటు పుల్లీ గుర్తు మీద వేసి చూడండి. గుర్తు ఒకచోట నిలవకుండా గెంతుతుంటే డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ బుష్ అరిగిందని అర్థం. రోటర్ దగ్గర షాఫ్ట్‌ని పక్కకు ఊపితే చేతికే తెలుస్తుంది. రేజ్ చేసినా గుర్తు కదలకపోతే వేగం పెరిగేకొద్దీ స్పార్క్‌ని ముందుకు జరిపే లోపలి అడ్వాన్స్ వెయిట్లు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. ఆ వ్యాక్యూమ్ పైపును కార్బురేటర్ వైపు నుంచి నోటితో పీల్చి చూడండి, లోపల ప్లేటు కదలాలి. కదలకుండా గాలి వచ్చేస్తుంటే డయాఫ్రమ్ (ప్లేటును లాగే పలుచటి పొర) చిరిగింది. దానివల్ల మైలేజీ పడిపోతుంది గానీ ఎత్తు మీద పూర్తిగా తొక్కినప్పుడు లాగకపోవడానికి అది కారణం కాదు.

ఆఖరి సర్దుబాటు రోడ్డు మీదే. డిస్ట్రిబ్యూటర్ పక్కన ఏ, ఆర్ అని రాసి ఉన్న చిన్న గుండ్రటి స్క్రూ ఉంటుంది. టాప్ గేరులో 40 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా తొక్కండి. నాకింగ్ వినపడితే ఆర్ వైపు కొంచెం తిప్పండి, అస్సలు వినపడక బద్ధకంగా ఉంటే ఏ వైపు. ఇవన్నీ చేశాక కూడా లాగకపోతే అప్పుడు కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్లలో ఒత్తిడి కొలిచే పరీక్ష) చేయించండి. నాలుగు సిలిండర్ల రీడింగులు చేతికి వచ్చేవరకు ఇంజన్ దించనివ్వకండి.